ఆ ఐదు మార్కులు పిల్లల నిర్ణయాలకు వెయ్యండి

తెలంగాణ రాష్ట్ర విద్యా పరిశోధన, శిక్షణ సంస్థ డైరెక్టర్ గారికి, పాఠ్యప్రణాళిక, మూల్యాంకన విభాగాల్లో పనిచేస్తున్న పెద్దలందరికీ నమస్కారం.

విషయం: ఎఫ్‌ఏలో (ఫార్మేటివ్ అసెస్‌మెంట్, అంటే ఏడాది మధ్యలో బడిలోనే టీచర్లు వేసే మార్కులు) ప్రాజెక్టు పనికి మార్కులు వేసే పద్ధతి మార్చాలని కోరుతూ.

అయ్యా, అమ్మా,

నేను ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో లెక్కల టీచర్ని. ఒక్క విషయం అడగడానికే ఈ ఉత్తరం రాస్తున్నాను. ప్రాజెక్టు పనికి ఇచ్చే ఐదు మార్కులను పిల్లలు తెచ్చిపెట్టిన వస్తువును చూసి వెయ్యవద్దని మాకు స్పష్టంగా రాసి పంపండి. దాన్ని చేసేటప్పుడు వాళ్లు దేన్ని ఎంచుకున్నారు, ఎందుకు ఎంచుకున్నారు, ముందు అనుకున్నదాన్ని ఎందుకు వదిలేశారు, అది చూసి వెయ్యమనండి.

ఏడాదికి నాలుగు ఎఫ్‌ఏలు, ఒక్కోటి 20 మార్కులకు. పిల్లల భాగస్వామ్యం, రాత పనులు, లఘు పరీక్ష, ప్రాజెక్టు, ఒక్కోదానికి 5. మొదటి మూడింటిలోనూ జవాబు దాదాపుగా ముందే సిద్ధంగా ఉంటుంది, పిల్లవాడు దాన్ని పట్టుకోవాలి. ప్రాజెక్టు అలా కాదు. రెండు మూడు దారులు కనబడతాయి, అన్నీ కొంత బాగుంటాయి, కొంత బాగుండవు. చేతిలో ఉన్న సామాను, చోటు, టైము చూసుకుని ఒకదాన్ని తేల్చుకోవాలి. బడిలో ఆ అవకాశం ఇంకెక్కడా లేదు. ఉన్న ఈ ఒక్క అవకాశాన్నీ మనం షాపులకు వదిలేశాం.

ఎఫ్‌ఏ దగ్గరపడిన వారంలో ఏ మండల కేంద్రంలోనైనా స్టేషనరీ షాపుకు వెళ్లి చూడండి. సౌర కుటుంబం, అగ్నిపర్వతం, గుండె, జలచక్రం, అన్నీ థర్మాకోల్ మీద అతికించి, రంగులు వేసి, రెడీగా ఉంటాయి. పేరు, తరగతి రాసుకోవడానికి ఖాళీ కూడా వదిలి ఉంటుంది. అవి కొనలేనివాళ్లు నెట్ సెంటర్లో ప్రింట్లు తీయించి చార్టు మీద అతికిస్తారు. అలంకరణకు వాడే థర్మాకోల్‌ను 2022 జులై 1 నుంచి దేశమంతటా నిషేధించారు. ఆ పాఠం చెప్పేదీ మనమే, థర్మాకోల్ ప్రాజెక్టులు తెప్పించేదీ మనమే.

కొనగలిగిన ఇంటి పిల్లకు ఐదుకి ఐదు వస్తాయి. ఇంట్లో చదువుకున్న అన్నో అక్కో ఉంటే వాళ్లే రాత్రంతా కూర్చుని చేసిపెడతారు. అమ్మానాన్నలిద్దరూ కూలికి వెళ్లి రాత్రికి వచ్చే ఇంట్లో పిల్ల రెండు వందలు అడగడానికే భయపడుతుంది. ప్రాజెక్టు పేరుతో మనం కొలుస్తున్నది ఆ ఇంటి స్తోమతను. ఇందులో తోటి టీచర్లను తప్పుపట్టను. గదిలో నలభై మంది, చేతిలో ఐదు సబ్జెక్టుల రికార్డులు, తనిఖీకి వచ్చినవాళ్లు గోడ మీద ఏం వేలాడుతోందో చూసి వెళ్తారు. నీటుగా ఉన్నదానికి మార్కులు వెయ్యడం తప్ప మరో కొలత మా చేతికి ఎవరూ ఇవ్వలేదు.

ఇంకోలా చేస్తే ఎలా ఉంటుందో నా క్లాసులో చూశాను. అది కొంచెం వివరంగా చెప్తాను.

మా ఆవరణలోనే ప్రాథమిక పాఠశాల ఉంది. ఒకటో తరగతి పిల్లలు చెప్పులు గుమ్మం ముందు వదిలి లోపలికి వెళ్తారు. అన్నం బెల్లు కొట్టగానే అందరూ ఒక్కసారి బయటికి ఉరుకుతారు, చెప్పులు కలిసిపోతాయి, ఒకరివి ఇంకొకరు వేసుకుని పోతారు. వాన పడితే అన్నీ తడిసి ముద్దవుతాయి. కుక్క ఎత్తుకుపోయిన చెప్పు కోసం ఏడ్చుకుంటూ ఇంటికి వెళ్లిన పిల్లలున్నారు. మా ఏడో తరగతికి ఇచ్చిన ప్రాజెక్టు ఇదే: ఆ పిల్లలకు చెప్పుల స్టాండు ఎలా ఉండాలో మీరు తేల్చండి.

కొన్ని షరతులు పెట్టాను. తలుపుకీ కిటికీకీ మధ్య ఉన్న గోడ మేరకే చోటు. మేకుల్లాంటివి తప్ప కొత్తగా ఏమీ కొనకూడదు, స్టోర్ రూములో విరిగిపోయి పడున్న పాత బల్లల చెక్కే వాడాలి. ముందు కిరాణా కొట్టు అట్టపెట్టెలతో నమూనా చేసి చూపించాలి. తర్వాత అర్థమైంది, ప్రాజెక్టుకు ప్రాణం ఈ షరతులే. 'మీ ఇష్టం, ఏదైనా చేసుకురండి' అని వదిలేస్తే పిల్లలు నిర్ణయించేది ఏమీ ఉండదు, యూట్యూబ్‌లో దొరికింది చేస్తారు. చోటు తక్కువ, సామాను తక్కువ అన్నప్పుడే ఇది కావాలంటే అది వదులుకోవాలన్న ఆలోచన మొదలవుతుంది.

మొదటిరోజు గీసిన బొమ్మల్లో దాదాపు అన్నీ బీరువాలే. తలుపులు, గొళ్లాలు, పైన పూలు. ఒక్క మాట కూడా అనకుండా, మర్నాడు అన్నం బెల్లు టైముకు వాళ్లను ఒకటో తరగతి వరండాలో కూర్చోబెట్టాను. చూసింది రాసుకోమన్నాను, అంతే. ఆరేళ్ల పిల్లలు వంగి సర్దరని, ఉరుకుతూనే కాలితో విదిలించేస్తారని చూశారు. ఈ పిల్లలు తలుపు తీసి, చెప్పులు పెట్టి, మళ్లీ వేస్తారా? తలుపులు పోయాయి. ఒక అమ్మాయి మాత్రం ఇంకొకటి రాసుకొచ్చింది. చెప్పులు వేసుకునేటప్పుడు చిన్నపిల్లలు పడిపోకుండా గోడకు చెయ్యి ఆనిస్తున్నారట. గోడంతా స్టాండే పెట్టేస్తే వాళ్లు దేన్ని పట్టుకోవాలి? గ్రూపులో గొడవైంది. ఒక మూల ఖాళీ వదిలితే మూడు జతల చోటు పోతుంది. చివరికి వదిలారు. నేను ఇన్నేళ్లుగా ఆ వరండాలో తిరుగుతున్నాను, నాకు ఆ చెయ్యి ఎప్పుడూ కనబడలేదు.

తర్వాత కొలతలు. ఏడో తరగతి లెక్కల్లో దత్తాంశ నిర్వహణ పాఠం ఉంది: సగటు, మధ్యగతం (వరసలో పేరిస్తే నడిమధ్యన వచ్చే విలువ), బాహుళకం (అన్నిటికన్నా ఎక్కువసార్లు వచ్చే విలువ). పిల్లలు చెప్పులన్నీ టేపు పెట్టి కొలిచి, శ్రద్ధగా సగటు కట్టి, స్టాండులో చెప్పులు పెట్టే అర వెడల్పు అంతే ఉండాలని రాశారు. నమూనా చేసి చెప్పులు పెట్టి చూస్తే సగానికి సగం అంచు దాటి బయటికొచ్చాయి. అప్పుడు ఆ గ్రూపులో మొదలైన చర్చ నేను ఏ పాఠంలోనూ వినలేదు. సగటు ఇక్కడ ఎందుకు పనికిరాలేదు? అర వెడల్పుకు అన్నిటికన్నా పెద్ద చెప్పు కొలత కావాలి. పై అర ఎత్తుకు అందరికన్నా పొట్టి పిల్ల చెయ్యి ఎంతవరకు అందుతుందో చూడాలి. బాహుళకం ఎక్కడ వాడొచ్చు? ఒక్కో జతకు ఎంత చోటు అనేదానికి అది పనికొస్తుందని ఒకడు, దానికీ పనికిరాదని ఇంకొకడు. సగటు కట్టడం వాళ్లకు అంతకుముందే వచ్చు. ఎక్కడ కట్టాలో, ఎక్కడ కట్టకూడదో ఆ రోజు తెలిసింది.

అట్ట దగ్గర ఇంకో సంగతి. ఒక గ్రూపు అర తడి చెప్పుల బరువుకు మధ్యలో కుంగింది, పక్క గ్రూపుది కుంగలేదు. అట్ట ఒకే కొట్టుది, మందం ఒకటే. ఇదేంటి మేడం అని అడిగారు. చెప్పలేదు, రెండూ విప్పి చూసుకోమన్నాను. అట్టలోపల అలల్లాంటి గాళ్లు ఉంటాయి కదా, అవి ఈ చివరి నుంచి ఆ చివరికి పొడుగ్గా పోతే అర గట్టిగా నిలబడుతుంది, అడ్డంగా ఉంటే మడత పడినట్టు వంగిపోతుంది. వాళ్లే కనిపెట్టారు. మర్నాటికి అన్ని గ్రూపులూ అట్ట కోసేముందు తిప్పి చూసుకోవడం మొదలుపెట్టాయి.

అసలు పేచీ నీళ్లతో, బురదతో వచ్చింది. పలక అడ్డంగా పెడితే వానాకాలం నీళ్లు నిలుస్తాయి. కొంచెం ముందుకు వాల్చారు, చెప్పులు జారాయి. జారకుండా అంచుకు చిన్న కట్ట కట్టారు, మళ్లీ నీళ్లు నిలిచాయి. పలక తీసేసి రెండు బద్దలు పెట్టారు, మడమ ఒకదాని మీద, వేళ్లు ఒకదాని మీద. నీళ్లు పోయాయి కానీ పై వరస బురద కింది వరస చెప్పుల మీద పడింది. ఒకే వరస పెడదామంటే గోడ చాలదు. రెండు రోజులు ఇదే వాదన. చివరికి ఒక గ్రూపు కింది వరసను మెట్టులాగా ముందుకు జరిపింది, పై బురద వెనక నేల మీద పడేలా. అందుకు వరండాలో జానెడు చోటు ఎక్కువ పట్టింది. మనుషులు నడవడానికి మిగిలిన వెడల్పు చాలుతుందా అని మళ్లీ వెళ్లి కొలిచారు. బడి ఊడ్చే అక్కను అడిగితే 'కింద చీపురు దూరకపోతే నాల్రోజులకే కంపు కొడుతది బిడ్డా' అంది. కింది వరస అంత మేరకు పైకి లేచింది.

ఇంకో గ్రూపు నమూనా అన్నిటికన్నా అందంగా ఉంది. రంగు కాగితాలు, అంచులకు మెరుపు టేపు, పైన బడి పేరు. చెప్పులన్నీ పెట్టగానే బరువంతా ముందుకొచ్చి బోర్లా పడింది. పాత లెక్కన ఐదుకి ఐదు దానికే పడేవి, ఎందుకంటే మేం ఎప్పుడూ చెప్పులు పెట్టి చూడం కదా. ఆ గ్రూపుకు నేను నాలుగు వేశాను. కారణం మెరుపు టేపు కాదు. ఎందుకు పడిందో వాళ్లు బొమ్మ గీసి రాశారు, అడుగు వెడల్పు చేసి మళ్లీ నిలబెట్టారు, రెండో నమూనాకు రంగు కాగితం వేసే టైము లేదని తెలిసీ పనే ముఖ్యమనుకున్నారు.

చెక్కతో కట్టడానికి ఒక పిల్లవాడి తాతయ్య వచ్చారు, ఆయన వడ్రంగి. పిల్లల కాగితం చేతిలోకి తీసుకుని మెట్టు వరస బాగుందన్నారు. బద్ద చివర్న గీసిన మేకులు చూపించి, అక్కడ కొడితే చెక్క చీలుతుంది, రెండు వేళ్లు లోపలికి జరపండి అన్నారు. పిల్లలు కాగితం మీద కొట్టివేసి మళ్లీ గీశారు. పెద్దాయన చెప్పిందాన్ని తలూపి వినేసి ఊరుకోలేదు. పనికిరాని బద్ద ఒకటి తెచ్చి, చివర మేకు కొట్టి, చీలడం కళ్లారా చూశారు.

ఆ స్టాండు ఇప్పుడు వాడుకలో ఉంది. అందరూ వాడుతున్నారని చెప్పను, కొందరు ఇప్పటికీ గుమ్మం ముందే వదిలేస్తారు. ఎందుకు వదులుతున్నారో చూసి మార్పు చెప్పమని తర్వాతి తరగతికి ఇవ్వబోతున్నాను.

ఈ పని చేసేటప్పుడు పిల్లలకు అన్నిటికన్నా కష్టమైంది ఏమిటో మీకు తెలియాలి. కొలవడం, కొయ్యడం ఏమంత కష్టం కాలేదు. 'మేడం, రెంట్లో ఏది కరెక్టు?' అని నన్ను అడగకుండా ఉండటమే కష్టమైంది. మొదటి వారం ప్రతి చిన్నదానికీ నా ముఖం చూశారు. నేను చెప్పకపోతే టెన్షన్ పడ్డారు, ఒకరిద్దరు అలిగారు కూడా. బాగా చదివే పిల్లలకే ఇది ఎక్కువ, వాళ్లకు తప్పు చేసి అలవాటు లేదు. నాకూ కష్టంగానే ఉండేది, జవాబు నోటిదాకా వచ్చేది. ఇదంతా పుస్తకం చదివితే వచ్చే ఓర్పు కాదు. అందుకే టీచర్ల ట్రైనింగులో పీపీటీ చూపించి పంపకండి. మాకూ అట్టలు, కత్తెర ఇచ్చి, ఏదో ఒక చిక్కు ఇచ్చి, రెండు రోజులు మమ్మల్నే కొట్లాడనివ్వండి.

సిలబస్‌కు టైము ఏదీ అని మీరు అడుగుతారు, మా హెచ్ఎం గారు కూడా అడిగారు. సగటు, నిష్పత్తి, స్కేలు ప్రకారం గీయడం, చుట్టుకొలత, ఇవన్నీ ఈ ప్రాజెక్టులోనే అయిపోయాయి. ఆ పాఠాలకు విడిగా అంత టైము పట్టలేదు. సైన్స్ టీచర్ దీన్ని బలాల పాఠంతో కలుపుకోవచ్చు, తెలుగు టీచర్ పిల్లలు రాసిన కారణాల్ని రచనగా తీసుకోవచ్చు. సబ్జెక్టుకొకటి చొప్పున ఎఫ్‌ఏకి అన్నేసి ప్రాజెక్టులు అడిగే బదులు రెండు మూడు సబ్జెక్టులు కలిపి ఒక్కటి చాలు. నిజంగా చేసింది ఒక్కటి.

పదో తరగతి రిజల్టు ఒత్తిడి నాకు తెలుసు. అందుకే ఆరు, ఏడు, ఎనిమిది తరగతులతో మొదలుపెట్టమంటున్నాను. 2020 జాతీయ విద్యా విధానం ఆ తరగతుల్లోనే ఎప్పుడైనా పదిరోజులు పుస్తకాల సంచి లేకుండా, ఊళ్లోని వడ్రంగి, కుమ్మరి, తోటమాలి, కళాకారుల దగ్గర పని నేర్చుకోవాలని చెప్పింది. ఆ రోజులు చాలాచోట్ల ఆటపాటలతో, క్విజ్‌లతో గడిచిపోతున్నాయి. ఆటపాటలు మంచివే. కానీ ఆ పదిరోజుల్లో కొన్నింటిని ఒక్క ప్రాజెక్టు చుట్టూ అల్లితే టైము దొరుకుతుంది. పనితో చదువు ముడిపడాలని 1937లో వార్ధాలో నయీ తాలీమ్ పేరుతో గాంధీ గారు చెప్పినప్పటి నుంచీ ఈ మాట అంటూనే ఉన్నాం.

మనకు దగ్గర్లో నేర్చుకోవడానికి ఉన్నది తక్కువేం కాదు. పోచంపల్లిలో ఇక్కత్ నేసే ఇంటికి పిల్లల్ని తీసుకెళ్లండి. అక్కడ డిజైన్ ముందు గ్రాఫు కాగితం మీద గళ్లల్లో గీస్తారు. తర్వాత నూలును చిటికి కట్టి రంగులో ముంచుతారు, ఎక్కడ కడితే అక్కడికి రంగు పట్టదు. నేత ఆ తర్వాతే. అంటే చీర మీద పువ్వు ఎక్కడ రావాలో మగ్గం ఎక్కకముందే నూలు మీద తేల్చేస్తారు, రంగు పట్టాక వెనక్కి తీసుకోవడం కుదరదు. మన బడి పిల్లకు గ్రాఫు కాగితం మీద బిందువులు పెట్టడం నేర్పుతాం కదా, ఆ కాగితం మీద ఒక కుటుంబం బతుకు నడుస్తోందని ఆమె చూడాలి. ఈ గడి ఎందుకు మార్చారు, రంగు ఎందుకు తగ్గించారు అని నేతన్నను అడగాలి. కథల్ని పటాల మీద బొమ్మలుగా వేసే చేర్యాల నకాషీ కళాకారులను అడగొచ్చు, కథంతా పటం మీద పట్టదు కదా, ఏ ఘట్టం ఉంచాలో, ఏది వదలాలో ఎలా తేలుస్తారని. ఇప్పుడు మనం చేయిస్తున్నది వాళ్ల పని ఫొటో తీసి చార్టు మీద అతికించడం.

ఖర్చు గురించి కూడా ఒక మాట. పిల్లలు పరికరాలతో సొంతంగా చేసి చూసేందుకు 2016లో మొదలైన అటల్ టింకరింగ్ ల్యాబులకు ఒక్కో బడికి 20 లక్షల దాకా ఇస్తూ వచ్చారు. వచ్చిన బడులకు సంతోషం, మా బడికి వచ్చినా సంతోషమే. పిల్లల కొత్త ఆలోచనలకు సాయం చేసే ఇన్‌స్పైర్ మానక్ పథకం కింద ఎంపికైన పిల్లలకు 10 వేలు వస్తాయి, అదీ మంచిదే. కానీ ల్యాబ్ రాని బడిలో, ఎంపిక కాని పిల్లకు కూడా ఎంచుకోవడం నేర్పాలి. మా స్టాండుకు మేకులకు, చెక్క నునుపు చేసే గరుకు కాగితానికి తప్ప పైసా పెట్టలేదు. ఎఫ్‌ఏకి క్లాసుకు రెండు మూడు వందలు బడి నిధుల్లోంచి వాడుకోవచ్చని ఒక్క వాక్యం రాసిస్తే చాలు, టీచర్లు జేబులో చెయ్యి పెట్టకుండా ఉంటారు.

ఇప్పుడు ఏం మార్చమంటున్నానో సూటిగా చెప్తాను. ప్రాజెక్టు పని బడిలోనే, బడి టైములోనే, గ్రూపుల్లో జరగాలని, ఇంటి నుంచి తెచ్చినదానికీ కొన్నదానికీ మార్కులు లేవని ఉత్తర్వు ఇవ్వండి. ప్రతి గ్రూపూ ఒక కాగితం నింపాలి. ఎవరి కోసం చేస్తున్నారు, వాళ్లను చూసి, అడిగి ఏం తెలుసుకున్నారు? ఏ రెండు మూడు దారులు ఆలోచించారు, దేన్ని ఎందుకు ఎంచుకున్నారు? చేసి చూస్తే ఏం చెడింది, ఏం మార్చారు? ఐదు మార్కులూ ఈ కాగితానికీ, దాని మీద పిల్లలతో టీచర్ మాట్లాడే పది నిమిషాలకే. వస్తువు అందానికి ఒక్క మార్కు కూడా వద్దు. రాయడం రాని పిల్లలు నోటితో చెప్పినా, బొమ్మ గీసినా సరిపోవాలి. కాగితం పేరుతో మాకు మరో రిజిస్టరు మాత్రం తగిలించకండి. అది పిల్లల చేతిరాతతో, కొట్టివేతలతో, మరకలతో ఉండనివ్వండి. టైపు చేసి అప్‌లోడ్ చెయ్యమన్న రోజున దానికీ షాపుల్లో రెడీమేడ్ వచ్చేస్తుంది.

తనిఖీకి వచ్చే అధికారులకు కూడా చెప్పండి. గోడ మీద ఉన్నది చూసి వెళ్లిపోకుండా, ఒక గ్రూపును పిలిచి, మీరు ముందు చేసి వదిలేసిన నమూనా ఏది, ఎందుకు వదిలేశారు అని అడగమనండి. చెడిపోయిన నమూనాలను పారెయ్యకుండా ఉంచి చూపించిన బడికి మెచ్చుకోలు దక్కితే, ఆర్నెల్లలో ప్రతి స్టాఫ్ రూములోనూ ఈ మాటే నడుస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లో పనిచేస్తున్న స్నేహితులు కూడా ప్రాజెక్టుల విషయంలో ఇదే బాధ చెప్తారు. మీరు మొదలుపెడితే అక్కడివాళ్లూ చూస్తారు.

వచ్చే ఏడాది ఎఫ్‌ఏ-1 సూచనలు బడి తెరిచిన కొత్తల్లోనే పంపితే ఇవన్నీ జరగడానికి టైము ఉంటుంది, పరీక్ష ముందు వారంలో పంపితే మళ్లీ అందరం షాపుకే వెళ్తాం. సూచనలు తయారుచేసే కమిటీలో ప్రాథమికోన్నత, ఉన్నత పాఠశాలల్లో రోజూ క్లాసు చెప్పే టీచర్లను కూర్చోబెట్టండి. మా పిల్లలు నింపిన కాగితాలు, కుంగిన అరలు, బోర్లా పడ్డ మొదటి నమూనా అన్నీ జాగ్రత్త చేశాం. మీరు పిలిస్తే వాటితోపాటు ఆ పిల్లల్ని కూడా వెంటబెట్టుకుని వస్తాను, ఏది ఎందుకు మార్చారో వాళ్లే చెప్తారు.

ఇట్లు
మీ విధేయురాలు,
జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల గణిత ఉపాధ్యాయురాలు